టార్పాలిన్ కప్పి బండి చూసే మనిషి

ఆయన పోయిన వార్త మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఒకడు, పైన ఏముందో చూడకుండానే, మస్కట్ పక్క సీబ్‌లో కొత్తగా తెరిచిన హోటల్లో ఒక బిర్యానీకి ఇంకో బిర్యానీ ఉచితమన్న ప్రకటన పంపాడు. దానికీ ఇద్దరు చేతులు జోడించారు. చనిపోయింది ఇంకెవరన్నా అయి ఈ సందేశం ఆయన చూసి ఉంటే, "జర లొకేషన్ పంపుండ్రి" అని అడిగి ఉండేవాడు.

పెట్టిన ఫొటోలో ఆయన ఒక మోటారు సైకిల్ పక్కన నిలబడి ఉన్నాడు. బండి కనబడదు. దాని మీద పచ్చ టార్పాలిన్ కప్పి ఉంది. "కాకకు బండ్లంటే ప్రాణం" అని ఎవరో రాశారు. పోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లకు దొడ్డ మనసు వచ్చేస్తుంది. ఆయనకు బండ్లంటే ప్రాణమూ కాదు, పాడూ కాదు. గేర్లున్న బండి నడపడం ఆయనకు రానే రాదు. క్లచ్ ఏ చేతికి ఉంటుందో నేను రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ "ఓహో" అన్నాడు.

అందరం ఆయన్ను కాక అనేవాళ్లం. కోరుట్ల దగ్గరి మనిషి. మస్కట్‌లో ఘుబ్రా అనే పేటలో, మా కంపెనీ రూమ్‌లో నా పక్క మంచం ఆయనది. సైట్‌లో ఆయన కాంక్రీటుకు పలకలు బిగించే షట్టరింగ్ ఫోర్‌మన్, నేను స్టోర్ చూసేవాణ్ణి. మీసానికి నల్లరంగు వేసేవాడు, తలకు వేసేవాడు కాదు. ఎందుకని అడిగితే, "అంతా నల్లగ చేస్తే రంగేసుకున్నట్టు తెలుస్తది" అనేవాడు.

సైట్‌లో ఏ పలక చూపించినా వేలి కణుపుతో కొట్టి, ఒక కన్ను మూసి, చెవి దగ్గర పెట్టుకుని, వైద్యుడు నాడి చూసినంత సేపు వినేవాడు. విని, "నడుస్తది" అనేవాడు. వంగిన పలకా నడుస్తది, నానిన పలకా నడుస్తది. ఇంజనీరు వచ్చి అవన్నీ తీయించేవాడు. కాకకు అదీ నడిచేది. వారమంతా ఇలా నోట్లోంచి రానివ్వకుండా దాచుకున్న "వద్దు"లన్నీ శుక్రవారం నాడు బయటికి తీసేవాడు. ఆ రోజు ఆయన పాత మోటారు సైకిళ్లు చూడడానికి బయల్దేరేవాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చంకలో మడత పెట్టిన పచ్చ టార్పాలిన్, పక్కన నేను.

ఎందుకు చూసేవాడో చెప్పాలి. ఆయనే అందరికీ చెప్పేవాడు, దాచుకునే అలవాటు లేదు.

ఊళ్లో ఆయనకొక తమ్ముడున్నాడు. బైకు మెకానిక్. ఇంటి వాకిట్లోనే రేకుల షెడ్డులో పని చేసుకుంటాడు. ఆ తమ్ముడు ఎక్కడో దొరికిన పాత బండిని విప్పి, ఒక్కొక్క సామానూ వెతికి తెచ్చుకుంటూ, తనకు నచ్చిన రూపంలో మళ్లీ కట్టుకుంటున్నాడు. పని లేనప్పుడు దాని మీద టార్పాలిన్ కప్పి పెట్టేవాడు. అలా ఏళ్లు గడిచాయి. కాక అదే వాకిట్లో కొత్త ఇల్లు కట్టించి, గృహప్రవేశానికి సెలవు మీద వెళ్లాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. తను లేని కాలంలో ఇంట్లో జరగనివన్నీ ఆ కొద్ది రోజుల్లో తనే జరిపించెయ్యాలి. గోడకు సున్నం, మోటరుకు కొత్త పైపు, పక్కింటివాడితో హద్దు తగాదా, అన్నీ. కాక వాకిలి శుభ్రం చేయడంతో మొదలుపెట్టాడు. టెంటు వెయ్యడానికి షెడ్డు పక్కన కప్పి ఉన్న కుప్ప అడ్డమైంది. అదే సమయానికి మైకు పెట్టుకుని పాత ఇనుప సామాన్లవాడు వీధిలోకి వచ్చాడు. కాక కుప్పను కుప్పగా, కప్పిన టార్పాలిన్‌తో సహా ఎత్తించేశాడు. బదులుగా ఒక ప్లాస్టిక్ టబ్బు తీసుకున్నాడు.

సాయంత్రం తమ్ముడు చేతిలో ఏదో సామాను పట్టుకుని వచ్చాడు. బండి ఉన్న చోటు చూశాడు, టబ్బు చూశాడు, లోపలికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి అన్నతో మాట్లాడలేదు. ఒకే వాకిట్లో ఎదురుపడినా భార్యతో "తినుమని చెప్పు" అనేవాడు తప్ప ఎవరు తినాలో చెప్పేవాడు కాదు.

ఈ కథ చెప్పిన ప్రతిసారీ కాక చివర్లో, న్యాయం చెయ్యాలి కదా అన్నట్టు, "టబ్బు మాత్రం మంచిది, ఇప్పటిదాంక పగల్లే" అనేవాడు.

కాబట్టి తమ్ముడికి ఒక పాత బండి కొని పంపాలి. వాడు దాన్ని చూసి మనసు కరిగి మాట్లాడాలి. ఇదీ పథకం. కోరుట్లలోనే పాత బండ్లు బోలెడు దొరుకుతాయి కదా అని నేనన్నాను. నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

"కోరుట్లల కొంటే అది కొన్నట్టయితది. మస్కట్ కెళ్లి పంపితెనే ఇచ్చినట్టు."

మా దగ్గర ఇంటికి పోయేవాళ్లందరూ ఊరి కిరాణా కొట్టులో దొరికే సబ్బునే ఇక్కడినుంచి మోసుకుపోతారు. అందుకున్నవాళ్లు కూడా దాన్ని వాసన చూసి, ఇక్కడిది వేరు అంటారు.

ఇక నా సంగతి. పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నా చదువంతా గ్రంథాలయాల్లో సాగింది. ఆర్మూరులో శాఖా గ్రంథాలయం, మస్కట్ వచ్చాక ఇక్కడిది. ఒక విషయం ఎదురైతే దాని మీద పుస్తకం వెతికి చదవందే నాకు నిద్ర పట్టదు. పాత బండిని విప్పి కొత్తగా కట్టుకోవడం గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివాను. చౌకబండి ఎంచుకోవడానికి అందులో ఒక అధ్యాయమే ఉంది. ముందు కాగితాలు చూడమంటుంది. ఇక్కడ ముల్కియా అనే రిజిస్ట్రేషన్ కార్డు మీది నంబరూ ఫ్రేమ్ మీది నంబరూ ఒకటి కాకపోతే అక్కడినుంచే తిరిగి వచ్చెయ్యాలి. ఫ్రేమ్ తిన్నగా ఉండాలి, తుప్పు పైపైనే ఉండాలి, కిక్ కొడితే ఇంజన్ కదలాలి. చెడిపోయిన సామాను ఉన్నా ఫర్వాలేదు, అసలు లేని సామాను వెతకడమే కష్టం. ఇదంతా కాకకు వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. సైట్‌లో పలకను విన్నట్టే.

"మీ తమ్ముడి బండి ఏ రకం కాకా? అది తెలిస్తే సగం పని అయిపోతది" అన్నాను.

"రెండు గిర్రలుండె."

"ఏ కంపెనీది?"

"టార్పాలిన్ మీద కంపెనీ పేరు రాస్తరా పంతులూ?"

చదువుకుంటానని నన్ను పంతులు అనేవాడు. గౌరవంతో అన్నాడని నేను చాలా రోజులు అనుకున్నాను.

అసలు సంగతి అప్పుడు అర్థమైంది. ఆ బండిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. కప్పి ఉన్న కుప్పనే చూశాడు, ఆ కుప్పనే అమ్మాడు. ఇప్పుడు అదే కుప్పను వెతుకుతున్నాడు. అందుకే చంకలో టార్పాలిన్.

సీబ్‌లో కడప నుంచి వచ్చిన ఒక భాయ్‌కి గ్యారేజ్ ఉంది. అక్కడ మాకొక జపాన్ బండి దొరికింది. నా పుస్తకం రాసినవాడు చూస్తే కౌగిలించుకునేవాడు. ముల్కియా సరిగ్గా ఉంది, నంబర్లు కలిశాయి, ఫ్రేమ్ తిన్నగా ఉంది. ఒక్క కిక్కుకు స్టార్ట్ అయింది. భాయ్ యాక్సిలరేటర్ తిప్పుతూ ఆ శబ్దాన్ని వింటూ కళ్లు మూసుకున్నాడు.

"ఇంజన్ వింటున్నావా కాకా? తేనె! తేనె!"

"బంద్ చెయ్ భాయ్, జర పని ఉన్నది" అన్నాడు కాక.

భాయ్ ఆపాడు. కాక టార్పాలిన్ విప్పి, దులిపి, బండి మీద కప్పాడు. నాలుగు మూలలూ సర్దాడు. పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా వెనక్కి వెనక్కి నడిచి, గేటు దగ్గర నిలబడి, తల ఒక పక్కకు వాల్చి చూశాడు. తర్వాత రెండో పక్కకు వాల్చి చూశాడు.

భాయ్ నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఈయన బండి కొనేకి వచ్చినాడా, పీనుగుకు గుడ్డ కప్పేకి వచ్చినాడా?"

"మంచిగనే ఉన్నది" అన్నాడు కాక, టార్పాలిన్ మడత పెడుతూ. "గందుకే వద్దు."

"క్యా?"

"మంచి బండి పంపితే మావోడు రెండు రోజులు నడిపి ఎవనికన్న అమ్ముతడు. ఖరాబుదైతే ముంగట కూసొని చేస్తడు. ఇంగో మాట, నీ బండికి వెనకాల ఎత్తు లేదు."

"వెనకాల ఎత్తు ఒంటెకుంటాది. ఒంటెను కొనుక్కో పో" అన్నాడు భాయ్. టీ మాత్రం తెప్పించాడు. వ్యాపారం చెడినా టీ చెడగొట్టే మనుషులు కారు వాళ్లు.

ఆ తర్వాత శుక్రవారాలన్నీ ఇలాగే గడిచాయి. మంచివన్నీ మంచివైనందుకు వద్దు. చెడ్డవి టార్పాలిన్ కింద నప్పలేదు. ఘుబ్రాలోనే ఒక బిల్డింగ్ వెనక చక్రాలు లేని బండి చూశాం. కప్పి చూసి, "మేక పండుకున్నట్టున్నది" అన్నాడు. ఇంకొకటి కప్పితే మంచి పొడుగు వచ్చింది, కాని హ్యాండిల్ పైకి పొడుచుకొచ్చి, ఎవరో చేతులెత్తి లొంగిపోయినట్టు కనబడింది. బండి యజమానులు మమ్మల్ని మొదట అనుమానంగా, తర్వాత జాలిగా చూసేవాళ్లు. జాలి ఎక్కువగా నా మీదే పడేది, చేతిలో పుస్తకం ఉండేది కనుక.

చివరికి ఖురియాత్‌లో దొరికింది. సముద్రం పక్క ఊరు. అక్కడొక ఒమానీ ముసలాయన ఖర్జూరపు తోట మూలన పాత బండి పడి ఉందని మాకు చేపలమ్మేవాడు చెప్పాడు. స్టోర్ పికప్ వేసుకుని వెళ్లాం. ముసలాయన పడవ నడిపిన మనిషి, మనవాళ్లతో పనిచేసి హిందీ నేర్చుకున్నాడు. ఖహ్వా అనే వాళ్ల కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టి, మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లాడు.

మూలన ఒక కుప్ప. దాని మీద ఎండకు వెలిసిన టార్పాలిన్, దాని మీద చిరిగిన చేపల వల. ముసలాయన "షూఫ్, షూఫ్" అంటూ, చూడమని, వల లాగబోయాడు.

"నక్కో బాబా! ఖోల్నా నక్కో!" అని కాక అరిచాడు. విప్పొద్దని అంత గట్టిగా బతిమాలడం ముసలాయన ఎన్నడూ విని ఉండడు. వల వదిలేశాడు.

కాక వెనక్కి నడవలేదు. తల వాల్చలేదు. చంకలోని టార్పాలిన్ కింద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. ఒక కోడి కుప్ప కిందినుంచి బయటికొచ్చి మమ్మల్ని చూసి మళ్లీ లోపలికి పోయింది.

"గిట్లనే ఉండె" అన్నాడు చివరికి. "వెనకాల గిట్లనే ఎత్తుండె. నేను దాన్ని కాలుతోని నూకిన పంతులూ. టెంటోళ్లకు జాగ కావాలని కాలుతోని నూకిన."

కాలితో తోసిన సంగతి అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. దానికి తగిన మాట ఏ పుస్తకంలోనూ చదివినట్టు గుర్తు రాలేదు. అందుకని నాకు తెలిసిన పని చేశాను. టార్పాలిన్ ఒక మూల ఎత్తి, లోపలికి దూరి బండి పరీక్షించాను. ముల్కియా ఎప్పుడో పోయిందట. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ వంకర, ముందు చక్రం ఒక దిక్కు చూస్తే బండి ఇంకో దిక్కు చూస్తోంది. కిక్ రాడ్ లేదు. వెనక చక్రం తిప్పబోతే ఇంజన్ రాయిలా బిగుసుకుపోయి ఉంది. పెట్రోలు ట్యాంకు కింద కోడి గుడ్లు పెట్టింది.

బయటికొచ్చి, అధ్యాయం వరసలోనే అన్నీ చెప్పాను. "ఇన్ని తప్పులు ఒకే బండిలో ఉండడం పుస్తకంలో కూడా లేదు కాకా. ఫ్రేమ్ వంకర పోయిన బండి అసలే ముట్టొద్దంటది."

"ఎవలు?"

"పుస్తకం."

"గా పుస్తకానికి తమ్ముడున్నడా?" అని లేచి, ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. బేరం కూడా ఆడలేదు. కప్పింది తియ్యకుండానే కొన్న మొదటి మనిషిని పంపించడం ఇష్టం లేక ముసలాయన మాకు భోజనం పెట్టాడు. వల ఉచితంగా ఇచ్చాడు. గుడ్లు మాత్రం ఉంచుకున్నాడు.

రూమ్ వెనక ఖాళీ స్థలంలో నేను పుస్తకం చూస్తూ, కాక బోల్టులు విప్పే పానాలు అందిస్తూ, ఆ బండిని పూర్తిగా విప్పాం. ఎప్పుడూ తప్పు పానానే అందించేవాడు, నమ్మకంగా. ఫ్రేమ్, ఇంజన్, చక్రాలు చెక్కపెట్టెలో కార్గోకు వేశాం. కార్గోవాడు ఏమని రాయాలని అడిగితే కాక "పాత ఇనుప సామాన్లు" అని చెప్పాడు. చెప్పాక తన మాట తనకే వినబడి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మిగిలిన సామాను మనుషుల చేతుల మీద వెళ్లింది. మా దగ్గర సెలవు మీద ఇంటికి పోయేవాడి సూట్‌కేసులో మూడో వంతే వాడిది, మిగతాది రూమ్‌ది. ఎవరి పిల్లల బూట్లో, ఎవరి తల్లి మోకాళ్ల నూనెనో వాడు మోయాల్సిందే, కాదంటే తన వంతు వచ్చినప్పుడు తన సామాను ఎవరూ మోయరు. ఆ వంతున ఒకడు హ్యాండిల్‌ను దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాడు. ఒకడు హెడ్‌లైట్‌ను పాలపొడి డబ్బాల మధ్య పెట్టుకున్నాడు. ట్యాంకుకు పెట్రోలు వాసన పోవాలని కాక దాన్ని గిన్నెలు తోమే సబ్బుతో రోజూ కడిగాడు, ఆఖరికి అత్తరు కూడా పోశాడు. దాన్ని మోసుకెళ్లినవాడి బట్టలన్నీ అత్తరు పెట్రోలు కలిసిన వాసన కొట్టాయని, భార్య రెండు రోజులు అనుమానంగా చూసిందని తర్వాత తెలిసింది.

సామానంతా చేరింది. తమ్ముడు ఫోన్ చెయ్యలేదు.

కాక మొదట రోజూ మరదలికి ఫోన్ చేసి కనుక్కునేవాడు. "పెట్టె దించుకున్నడు బావా", "తీసి సూసిండు బావా", "ఏమనలే బావా" అని ఆమె చెప్పేది. తర్వాత ఒక రోజు, "అన్ని మూలకు పెట్టి, పైన కప్పిండు" అని చెప్పింది. కాక ఫోన్ పెట్టేసి నన్ను అడిగాడు.

"కప్పిండంటె ఏందన్నట్టు పంతులూ? మంచికా, చెడ్డకా?"

పుస్తకంలో లేదన్నాను. ఆయన వేళాకోళమనుకుని నవ్వాడు. నిజంగానే లేదు.

ఆ తర్వాత ఆయన సైట్‌లో పలకలు కొట్టి వినడం మానేశాడు. ఏది చూపించినా వినకుండానే "నడుస్తది" అనేవాడు. మీసానికి రంగు వెయ్యలేదు. శుక్రవారాలు మంచం మీదే పడుకుని పైకప్పు చూసేవాడు. ఇంకో బండి చూద్దామా అని నేనే అడిగాను ఒకసారి. "ఇగ సాలు, వాడు మాట్లాడడు. నేనైతే మాట్లాడుతుంటినా?" అన్నాడు. ఆయన నోట అంత సూటి మాట నేనెప్పుడూ వినలేదు. ఆ బండి చివరికి నడిచిందా అంటే, నాకు తెలిసినంతవరకు ఆ షెడ్డు గడప దాటలేదు.

ఫోన్ ఒక మధ్యాహ్నం సైట్‌లో వచ్చింది. అందరం నీడన కూర్చుని అన్నం తింటున్నాం. కాక స్క్రీన్ చూశాడు. ఎడమ చెయ్యి కూడా అన్నం చెయ్యే అయినట్టు చొక్కాకు తుడుచుకుని, ఎత్తాడు. కంగారులో ఎక్కడ నొక్కాడో గాని స్పీకర్ ఆన్ అయింది. సైటంతా వినబడింది.

"ఎవడు కొన్నడే గీ బండి? కండ్లు కనవడ్తలేవా అన్నా నీకు? మెడ వంకర! పిస్టన్ పట్టుకపోయి ఉన్నది! కిక్కు రాడే లేదు! బుద్ధున్నోడెవడన్న గిసొంటిది కొంటడా? గా ట్యాంకుల ఏం పోసినవ్, షెడ్డంత సాయిబుల పెండ్లి లెక్క వాసనొస్తున్నది!"

కాక "ఆఁ... ఆఁ... అవునురా... అవును" అంటున్నాడు. ముందున్న పళ్లెంలో ఈగలు వాలుతున్నా చూడడం లేదు. అవతల తమ్ముడు ఇన్నేళ్లు దాచుకున్న తిట్లన్నీ ఒక్కొక్క సామాను పేరు మీద తీస్తున్నాడు. హ్యాండిల్‌కు ఒక తిట్టు, గేర్‌బాక్స్‌కు రెండు. తింటున్నవాళ్లు నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు. ఆఖర్న తమ్ముడు, "ఇంజన్ కింది పెద్ద బోల్టు రాలే. ఆడనే పడగొట్టినట్టున్నరు. లెంకి పెట్టు, రేపు మల్ల ఫోన్ చేస్త" అని పెట్టేశాడు.

నాకైతే ఒళ్లు పులకరించింది. మెడ, పిస్టన్, కిక్ రాడ్. ఖురియాత్ తోటలో నేను చెప్పినవే, దాదాపు అదే వరసలో. ఒక మెకానిక్ నోటితో నా అధ్యాయం ఆమోదం పొందింది.

"నేను గప్పుడే చెప్పిన గద కాకా" అన్నాను, ఆగలేక. "ఫ్రేమ్ వంకరున్నది, వద్దని."

కాక ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టి, పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

"వంకరుండాలె పంతులూ" అన్నాడు అన్నం కలుపుతూ. "సీదా ఉంటే ఒక్క ఫోన్‌తోనే ఒడిసిపోతుండె."